1962-63: కెనడా వర్సిటీ బాస్కెట్‌బాల్‌కు జాతీయ విజేత దొరికిన ఏడాది

బాస్కెట్‌బాల్‌కు రూపమిచ్చిన జేమ్స్ నైస్మిత్ కెనడా దేశస్థుడు. ఒంటారియోలోని ఆల్మంట్ దగ్గర 1861లో పుట్టి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే కొంతకాలం వ్యాయామ శిక్షకుడిగా పనిచేశాడు. ఆ తర్వాత సరిహద్దు దాటి అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లి, 1891 డిసెంబరులో అక్కడి వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) శిక్షణ పాఠశాల విద్యార్థులతో ఈ ఆట ఆడించాడు. ఆట పుట్టుకలో ఇంత వాటా ఉన్న దేశంలో, విశ్వవిద్యాలయాల పురుషుల జట్లలో ఏది మేటి అని తేల్చే జాతీయ పోటీ మొదటిసారి జరిగింది 1963లో. మధ్యలో ఏడు దశాబ్దాలు గడిచిపోయాయి.

ఆట మీద ఆసక్తి లేకపోవడం వల్ల ఇంత ఆలస్యం జరిగిందనుకుంటే పొరపాటు. ఆట ఉంది, ఆడేవారు ఉన్నారు, ప్రాంతాల వారీగా లీగులూ ఉన్నాయి. లేనివల్లా మూడు: దేశం ఒక కొస నుంచి మరో కొసకు జట్టును చేర్చే తేలికైన మార్గం, అందుకు కావలసిన డబ్బు, అందరూ ఒప్పుకునే ఒక సంఘం. 1960ల మొదట్లో ఈ మూడూ దాదాపు ఒకేసారి సమకూరాయి. వాటి ఫలితమే 1962-63 సీజన్. ఆ సీజన్‌ను దగ్గరగా చూస్తే, తర్వాతి పదేళ్లలో కప్పు ఎక్కువగా ఒకే ఊరికి ఎందుకు వెళ్లిందో, టొరంటో, మెక్‌గిల్ లాంటి పెద్ద పేర్లు విజేతల జాబితాలో ఎందుకు కనిపించవో కూడా బోధపడుతుంది.

మొదట ఆట ఎంత త్వరగా పాకిందో చూద్దాం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగిన తొలి ఆటలో జట్టుకు తొమ్మిది మంది. ఆ పద్దెనిమిది మందిలో కెనడా కుర్రాళ్లూ ఉన్నారు. వారిలో లైమన్ ఆర్కిబాల్డ్ అనే ఆయన ఆటను న్యూ బ్రన్స్విక్ రాష్ట్రంలోని సెయింట్ స్టీఫెన్‌కు తీసుకువెళ్లాడు. అక్కడ 1893 అక్టోబరు 17న ఆడిన భవనం నేటికీ నిలిచి ఉంది. ప్రపంచంలో మిగిలి ఉన్న అతి పాత బాస్కెట్‌బాల్ కోర్టు అదేనని ఆ ఊరివారు గర్వంగా చెప్పుకుంటారు. విశ్వవిద్యాలయాల మధ్య కెనడాలో తొలి ఆట 1904లో జరిగింది. క్వీన్స్ జట్టు మెక్‌గిల్ మీద 9-7 తేడాతో గెలిచింది. ఇప్పటి ప్రేక్షకుడికి ఆ స్కోరు వింతగా తోచవచ్చు. బుట్ట పడిన ప్రతిసారీ బంతిని మళ్లీ మధ్య గీత దగ్గరికి తెచ్చి, ఇద్దరి మధ్య పైకి విసిరి ఆట మొదలుపెట్టే పద్ధతి 1937 దాకా కొనసాగింది. ఆడే సమయంలో చాలా భాగం అలా తిరిగి మొదలుపెట్టడానికే పోయేది.

అంటే 1904 నాటికే విశ్వవిద్యాలయాలు ఒకదానితో ఒకటి తలపడుతున్నాయి. 1906లో కెనడా అంతర్విశ్వవిద్యాలయ క్రీడా సంఘం ఏర్పడింది. పేరులో దేశం ఉన్నా, అందులో ఉన్నవి ఒంటారియో, క్యూబెక్ రాష్ట్రాల సంస్థలు. తూర్పు తీరాన మారిటైమ్ రాష్ట్రాలకు ఒక సంఘం, పశ్చిమాన మైదాన రాష్ట్రాలకూ బ్రిటిష్ కొలంబియాకూ మరొకటి నడిచాయి. ఎవరి లీగు వారిది, ఎవరి కప్పు వారిది. హాలిఫాక్స్‌లో గెలిచిన జట్టుకూ వాంకూవర్‌లో గెలిచిన జట్టుకూ మధ్య దాదాపు 4,400 కిలోమీటర్ల దూరం. అది కూడా పక్షి ఎగిరే దారిలో కొలిస్తేనే. రైలులో అయితే రోజుల తరబడి ప్రయాణం. ఫిబ్రవరి, మార్చి నెలలంటే చదువు ముదిరే కాలం. రెండు ఆటల కోసం పది పన్నెండు మంది విద్యార్థులను రెండు వారాల పాటు తరగతులకు దూరం చేయడానికి ఏ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుంది? ఒప్పుకున్నా ఆ టికెట్ల ఖర్చు ఎవరు భరించాలి?

1906 నాటి సంఘం 1955లో మూతపడింది. 1961లో మళ్లీ మొదలైనప్పుడు మాత్రం దాని స్వభావం వేరు. ఈసారి అది తీరం నుంచి తీరం దాకా ఉన్న ప్రాంతీయ సంఘాలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చే ప్రయత్నం. అదే ఏడాది సెప్టెంబరులో కెనడా పార్లమెంటు శారీరక దృఢత్వం, ఔత్సాహిక క్రీడల చట్టాన్ని ఆమోదించింది. ఏడాదికి 50 లక్షల డాలర్ల దాకా ఈ రంగానికి ఖర్చు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి దానివల్ల వచ్చింది. క్రీడలు కూడా ప్రభుత్వం పట్టించుకోవలసిన విషయమేనని ఆ దేశం చట్టరూపంలో ఒప్పుకోవడం అది. 1960లో ట్రాన్స్ కెనడా ఎయిర్ లైన్స్ జెట్ విమానాలను ప్రవేశపెట్టడంతో మాంట్రియల్, టొరంటోల నుంచి వాంకూవర్ వెళ్లడం కొన్ని గంటల పని అయింది. 1962లో బ్రిటిష్ కొలంబియాలోని సెల్కిర్క్ పర్వతాల్లో ఉన్న రోజర్స్ కనుమ గుండా ట్రాన్స్ కెనడా రహదారి తెరుచుకుంది. ఇవన్నీ బాస్కెట్‌బాల్ కోసం జరిగినవి కావు. అయినా ఇవి లేకుండా 1963 మార్చి పోటీలను ఊహించలేం. క్రీడా చరిత్రను ఆటగాళ్ల ప్రతిభతోనే రాయబూనడం వల్ల ఇలాంటి కారణాలు మరుగున పడిపోతాయి.

జాతీయ పోటీ లేని రోజుల్లో ఎవరితో ఆడారు?

ఇక్కడ ఆగి చూడవలసిన విషయం ఒకటి ఉంది. 1963కు ముందు జాతీయ గౌరవం కోరుకున్న విశ్వవిద్యాలయ జట్లకు రెండు దారులు ఉండేవి. ఒకటి, ఊరి క్లబ్బులతో కలిసి సీనియర్ పురుషుల జాతీయ పోటీల్లో ఆడటం. కెనడాలో ఆ పోటీలు 1920లలోనే మొదలయ్యాయి. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 1931, 1937, 1941లలో ఆ కిరీటం గెలిచింది. విద్యార్థులు, ఉద్యోగాలు చేసుకునే పెద్దవారితో తలపడి గెలవడం చిన్న విషయం కాదు. రెండో దారి, సరిహద్దు దాటి అమెరికా కళాశాలలతో ఆడటం. ఇదే బ్రిటిష్ కొలంబియా జట్టు 1948 నుంచి దాదాపు పదేళ్లు వాషింగ్టన్ రాష్ట్రపు కళాశాలల లీగులో ఆడింది. వాంకూవర్ నుంచి దేశం మధ్యలో ఉన్న మానిటోబా వెళ్లడం కన్నా సరిహద్దుకు దక్షిణాన ఉన్న బెల్లింగ్‌హామ్ వెళ్లడం ఎన్నో రెట్లు తేలిక. కెనడా జనాభాలో అత్యధికులు అమెరికా సరిహద్దుకు దగ్గరగానే ఉంటారు. ఒక ఊరి వారికి అదే దేశంలోని మరో ఊరి కన్నా, పక్క దేశంలోని ఊరే దగ్గర. ఈ భౌగోళిక వాస్తవం కెనడా క్రీడలన్నిటి మీదా పనిచేసింది. బాస్కెట్‌బాల్ మీద మరీ ఎక్కువగా పనిచేసింది.

క్లబ్బుల కాలంలోని గొప్ప ఘట్టం 1936 బెర్లిన్ ఒలింపిక్స్. ఒలింపిక్ పతకాల పోటీగా బాస్కెట్‌బాల్ అడుగుపెట్టింది అప్పుడే. కెనడా తరఫున వెళ్లింది విండ్సర్ ఫోర్డ్ వీ-8 జట్టు. ఫోర్డ్ కార్ల ఇంజిను పేరు పెట్టుకున్న ఆ జట్టు ఒంటారియోలోని విండ్సర్ అనే కార్ల కర్మాగారాల ఊరిది. జాతీయ ఫైనల్లో తమ చేతిలో ఓడిన విక్టోరియా జట్టు నుంచి కొందరిని కలుపుకొని బెర్లిన్ వెళ్లారు. ఫైనల్ ఆగస్టు 14న, ఆరుబయట, టెన్నిస్ కోసం వేసిన మట్టి కోర్టులో జరిగింది. వాన కురిసి నేలంతా బురద. బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగడం అసాధ్యం. చివరికి అమెరికా 19, కెనడా 8. స్కోరు చూసి ఆ ఆటను తక్కువ చేయకూడదు, ఆ నేల మీద ఎవరైనా అంతకన్నా ఎక్కువ చేయగలిగేవారు కాదు. వెండి పతకం కెనడాకు దక్కింది. ఒలింపిక్ పురుషుల బాస్కెట్‌బాల్‌లో ఈ రోజు దాకా ఆ దేశానికి అదొక్కటే పతకం. నైస్మిత్ ఆ పోటీలను స్వయంగా చూశాడు. తన ఆట ఒలింపిక్స్‌కు చేరడం చూసిన మూడేళ్లకు, 1939లో కన్నుమూశాడు.

విండ్సర్ పేరును గుర్తుంచుకోవాలి. ఇరవై ఏడేళ్ల తర్వాత తొలి విశ్వవిద్యాలయ కిరీటం వెళ్లింది కూడా ఆ ఊరికే.

1963 మార్చి

పునరుద్ధరించిన సంఘం తన తొలి జాతీయ పోటీలకు ఎంచుకున్న ఆటల్లో ఐస్ హాకీ, పురుషుల బాస్కెట్‌బాల్ ఉన్నాయి. హాకీ కెనడా వారి ప్రాణం, దాని ఎంపికలో ఆశ్చర్యం లేదు. తొలి హాకీ పోటీ కింగ్‌స్టన్‌లో జరిగింది. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం గెలిచింది. బాస్కెట్‌బాల్‌ను దాని పక్కన నిలబెట్టడమే అసలు చెప్పుకోవలసిన సంగతి. అమెరికన్ ఫుట్‌బాల్‌ను పోలిన కెనడా ఫుట్‌బాల్‌కు అప్పటికే విశ్వవిద్యాలయాల్లో పెద్ద ఆదరణ ఉంది. ఆ ఆట ఫైనల్‌గా పేరొందిన వానియర్ కప్పు మాత్రం 1965లో గానీ మొదలు కాలేదు. బాస్కెట్‌బాల్ ముందు రావడానికి దాని పరిమాణం కూడా సాయపడి ఉంటుందని అనిపిస్తుంది. ఫుట్‌బాల్ జట్టంటే పదుల కొద్దీ ఆటగాళ్లు, బోలెడంత సామగ్రి. బాస్కెట్‌బాల్ జట్టు పన్నెండు మంది కుర్రాళ్లు, ఒక కోచ్, కొన్ని బంతులు. దూరం, ఖర్చు ప్రధాన సమస్యలుగా ఉన్న దేశంలో ఈ తేడా చిన్నది కాదు.

పోటీ పద్ధతి మన పాఠకులకు కొత్త కాదు. మన దేశంలో అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు సౌత్ జోన్, నార్త్ జోన్ అంటూ ముందు ప్రాంతీయ పోటీలు జరుగుతాయి. ఆంధ్రా, ఉస్మానియా జట్లు ముందు సౌత్ జోన్‌లో నెగ్గుకు వస్తేనే అఖిల భారత స్థాయికి చేరతాయి. కెనడాలోనూ ప్రాంతీయ సంఘాలు శీతాకాలమంతా తమ లీగులు నడుపుకొని, మార్చి నాటికి విజేతలను జాతీయ పోటీకి పంపాయి. వారాంతంలో ఒకే చోట ఆడి తేల్చేయడం అక్కడ తప్పనిసరి. ఇంటా బయటా రెండేసి ఆటలు ఆడే వెసులుబాటును దూరం ఎప్పుడో కొట్టేసింది.

తొలి విజేత అసంప్షన్ విశ్వవిద్యాలయం. విండ్సర్‌లో బాసిలియన్ క్రైస్తవ గురువులు నడిపిన కాథలిక్ సంస్థ అది. 1857లో కళాశాలగా మొదలై, 1950లలో విశ్వవిద్యాలయ హోదా అందుకుంది. జాతీయ విజేతకు ఇచ్చే ట్రోఫీ మీద ఉన్న పేరు కూడా ఆ ఆవరణదే. ఫాదర్ డబ్ల్యూ.పి. మెక్‌గీ అసంప్షన్‌లో పాఠాలు చెబుతూ బాస్కెట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చిన గురువు. ఆయన స్మృతిలో అది మెక్‌గీ ట్రోఫీ అయింది. తెల్ల అంగీ కాలరుతో తరగతి గదిలో నిలబడే మనిషి సాయంత్రం కోర్టు పక్కన నిలబడటం ఆ కాలపు కాథలిక్ కళాశాలల్లో మామూలే. నైస్మిత్ కూడా మతశాస్త్రం చదివినవాడే. ఈ ఆట వ్యాప్తిలో వైఎంసీఏ, చర్చి బడులు పోషించిన పాత్ర కెనడాకే పరిమితం కాదు. భారతదేశానికి కూడా బాస్కెట్‌బాల్ వైఎంసీఏ ద్వారానే వచ్చింది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల నుంచి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు దక్షిణాది బడులకు చేరారు. ఆటకు వేరు ఒకటే, అది ఖండాలు దాటింది.

గెలిచిన కొన్ని నెలలకే విజేత పేరు మారింది. మతసంస్థలు నడిపే విశ్వవిద్యాలయాలకు ఒంటారియో ప్రభుత్వం పూర్తి నిధులు ఇచ్చేది కాదు. ఊరు పెరుగుతోంది, ఇంజినీరింగు, విజ్ఞానశాస్త్ర విభాగాలు విస్తరించాలి, డబ్బు కావాలి. అందుకని 1962 డిసెంబరులో చట్టం ద్వారా విండ్సర్ విశ్వవిద్యాలయం అనే లౌకిక సంస్థ ఏర్పడింది. 1963 జులై 1 నుంచి బోధన దాని చేతికి వచ్చింది. అసంప్షన్ దానికి అనుబంధంగా మిగిలింది. అందువల్ల 1962-63 సీజన్ అసంప్షన్ పేరుతో లాన్సర్స్ జట్టు ఆడిన చివరి సీజన్. 1964లో అదే కోర్టు, అదే లాన్సర్స్ పేరు, కొత్త విశ్వవిద్యాలయం. మళ్లీ కప్పు వారిదే. ఇంజినీరింగులో పైచదువుల కోసం విండ్సర్ వెళ్లే తెలుగు విద్యార్థులు చేరేది ఈ విశ్వవిద్యాలయంలోనే. తాము చదివే చోట దేశపు తొలి జాతీయ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ కిరీటం ఉందన్న సంగతి వారిలో చాలామందికి తెలియకపోవచ్చు, తెలుసుకోదగిన సంగతి.

నదికి అవతల డెట్రాయిట్

తొలి పదేళ్ల విజేతల పట్టిక ఇలా సాగుతుంది. 1963, 1964లలో విండ్సర్, 1965లో అకేడియా, 1966, 1967లలో మళ్లీ విండ్సర్, 1968లో వాటర్లూ లూథరన్, 1969లో విండ్సర్, 1970లో బ్రిటిష్ కొలంబియా, 1971లో అకేడియా, 1972లో బ్రిటిష్ కొలంబియా. మొదటి ఏడేళ్లలో ఐదు కప్పులు ఒక మధ్యస్థాయి పారిశ్రామిక నగరానికి వెళ్లాయి. టొరంటో, మాంట్రియల్‌లను దాటి విండ్సర్ ఎలా ముందుకొచ్చింది?

జవాబు పటంలో ఉంది. విండ్సర్‌కు ఎదురుగా, నది అవతలి గట్టున డెట్రాయిట్. 1929లో అంబాసిడర్ వంతెన, 1930లో నది కింద సొరంగం తెరిచాక రెండు ఊళ్ల మధ్య రాకపోకలు రోజువారీ వ్యవహారమయ్యాయి. అప్పటి డెట్రాయిట్ అమెరికాలోని అతిపెద్ద నగరాల్లో ఒకటి. ఉన్నత పాఠశాలల్లో బాస్కెట్‌బాల్ పోటీ అక్కడ తీవ్రంగా ఉండేది. కాథలిక్ బడుల లీగులు బలంగా ఉండేవి. అసంప్షన్ కూడా కాథలిక్ సంస్థ కావడంతో ఆ బడులతో సంబంధం సహజంగా కుదిరింది. పిస్టన్స్ అనే వృత్తి జట్టు 1957లో డెట్రాయిట్ వచ్చింది. 1961 నుంచి నది ఒడ్డునే ఉన్న కోబో ఎరీనాలో ఆడింది. టొరంటో కుర్రాడు ప్రపంచస్థాయి బాస్కెట్‌బాల్‌ను కళ్లారా చూడాలంటే ఊరు విడిచి ప్రయాణం పెట్టుకోవాలి. విండ్సర్ కుర్రాడు సొరంగంలో బస్సెక్కితే చాలు.

విండ్సర్‌కు సొంత వారసత్వం కూడా ఉంది. 1936 వెండి పతకం ఆ ఊరిలో ఒక తరం మొత్తానికి స్ఫూర్తి. 1946 నవంబరు 1న టొరంటోలో జరిగిన ఆటను అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగు అయిన ఎన్‌బీఏ చరిత్రలో తొలి ఆటగా లెక్కిస్తారు. టొరంటో హస్కీస్ ఆ రోజు న్యూయార్క్ నిక్స్ చేతిలో 68-66 తేడాతో ఓడింది. ఆ సీజన్లో హస్కీస్ తరఫున ఆడిన కెనడా వారిలో విండ్సర్‌లో పెరిగిన హ్యాంక్ బియాసట్టి, జినో సోవ్రన్ ఉన్నారు. హస్కీస్ ఒక్క సీజన్‌తోనే మూతపడింది. 1995లో టొరంటో రాప్టర్స్, వాంకూవర్ గ్రిజ్లీస్ వచ్చేదాకా కెనడాలో మళ్లీ ఎన్‌బీఏ జట్టు లేదు. అందుకే 1963లో విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ విలువను నేటి కళ్లతో అంచనా వేయకూడదు. దేశంలో వృత్తి బాస్కెట్‌బాల్ లేని కాలంలో ప్రతిభ ఉన్న యువకుడికి అంతకు మించిన వేదిక ఇంట్లో లేదు.

1960ల మధ్యలో విండ్సర్‌ను నడిపిన కోచ్ బాబ్ సమారస్. మైదానమంతా ఒత్తిడి పెట్టి, ప్రత్యర్థికి బంతి సర్దుకునే వ్యవధి ఇవ్వకుండా పరుగులు తీయించే శైలి ఆయనది. ఆ శైలికి బ్లిట్జ్ అని పేరు. మూడు పాయింట్ల గీత అప్పటికి విశ్వవిద్యాలయ ఆటలోకి రాలేదు. దూరం నుంచి వేసినా, బుట్ట కింద నుంచి వేసినా రెండే పాయింట్లు. అలాంటప్పుడు ప్రత్యర్థి నుంచి బంతి లాక్కుని, రక్షణ కుదురుకునే లోపు బుట్ట దగ్గరికి చేరడమే లాభసాటి పద్ధతి. వేగాన్ని నమ్ముకున్న జట్టుకు ఆ నిబంధనల్లో సహజంగానే అనుకూలత ఉంది.

సరిహద్దు దగ్గరి జట్లకు అమెరికా ఆటగాళ్లు, అమెరికా పద్ధతులు అందుతాయని, అది సమానమైన పోటీ కాదని వాదించే వీలుంది. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ దాన్ని విండ్సర్‌కే తగిలించడం అన్యాయం. అట్లాంటిక్ తీరాన అకేడియా తరఫున ఆడిన బ్రయన్ హీనీ న్యూయార్క్ వాడు. ఒకే ఆటలో 74 పాయింట్లు చేసి కెనడా విశ్వవిద్యాలయాల రికార్డు నెలకొల్పాడు. తర్వాత ఎన్‌బీఏలో బాల్టిమోర్ బుల్లెట్స్‌కు కొద్దికాలం ఆడి, మళ్లీ కెనడా వచ్చి హాలిఫాక్స్‌లోని సెయింట్ మేరీస్ జట్టుకు కోచ్ అయ్యాడు. 1973, 1978, 1979లలో ఆ జట్టును జాతీయ విజేతగా నిలిపాడు. ఒక న్యూయార్క్ కుర్రాడు నోవా స్కోషియా రాష్ట్రపు బాస్కెట్‌బాల్‌ను తీర్చిదిద్దడంలో కెనడా పోగొట్టుకున్నదేమీ లేదు. ఆట ఆ దేశం నుంచి నైస్మిత్‌తో దక్షిణానికి వెళ్లింది, అదే దారిలో ఇంకొందరితో తిరిగి వచ్చింది.

చిన్న ఊళ్లు, చిన్న విశ్వవిద్యాలయాలు

విజేతల పట్టికలో మరో విశేషం ఉంది. టొరంటో, మెక్‌గిల్, క్వీన్స్ విశ్వవిద్యాలయాలు పురుషుల బాస్కెట్‌బాల్ జాతీయ కిరీటాన్ని ఒక్కసారి కూడా గెలవలేదు. 1904లో తొలి ఆట ఆడిన రెండు సంస్థలూ ఇందులో ఉన్నాయి. గెలిచినవి ఏవి? అకేడియా ఉన్న వుల్ఫ్‌విల్ కొన్ని వేల జనాభా గల చిన్న పట్టణం. బాప్టిస్టులు నెలకొల్పిన విద్యాసంస్థ అది. 1968లో గెలిచిన వాటర్లూ లూథరన్ తర్వాతి కాలంలో విల్‌ఫ్రిడ్ లారియర్ విశ్వవిద్యాలయంగా మారింది, మొదట లూథరన్ చర్చి సంస్థ. అసంప్షన్ సంగతి చెప్పుకున్నాం.

దీనికి మతం కారణం అనుకోవడం కన్నా పరిమాణం, శ్రద్ధ కారణాలనుకోవడం మేలు. టొరంటో లాంటి విశాలమైన సంస్థలో బాస్కెట్‌బాల్ పది పన్నెండు ఆటల్లో ఒకటి. హాకీ, ఫుట్‌బాల్, రోయింగు ముందు నిలబడి నిధుల కోసం, వ్యాయామశాల వేళల కోసం అది పోటీ పడాలి. వుల్ఫ్‌విల్‌లో శనివారం రాత్రి ఊరి జనానికీ విద్యార్థులకూ ఉన్న పెద్ద వేడుక బాస్కెట్‌బాల్ ఆటే. ఐదుగురు మంచి ఆటగాళ్లు, ఒక మంచి కోచ్ ఉంటే చిన్న సంస్థ కూడా దేశాన్ని గెలవగల ఆట ఇది. 1965లో అకేడియాను గెలిపించిన స్టూ అబర్డీన్ అలాంటి కోచ్. ఆయన తర్వాత అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయంలో సహాయ కోచ్‌గా పనిచేసి, పేరున్న ఆటగాళ్లను ఆ జట్టులోకి తెచ్చినవాడిగా గుర్తింపు పొందాడు. చిన్న ఊరిలో పనిచేసినంత మాత్రాన మనిషి చిన్నవాడు కాదని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. బ్రిటిష్ కొలంబియాను 1970, 1972లలో గెలిపించిన పీటర్ మల్లిన్స్ కథ ఇంకా విచిత్రం. ఆయన ఆస్ట్రేలియా అథ్లెట్, 1948 లండన్ ఒలింపిక్స్‌లో పది అంశాల పోటీ అయిన డెకథ్లాన్‌లో ఆరో స్థానం పొందినవాడు. కెనడా పశ్చిమ తీరాన రెండు దశాబ్దాలు బాస్కెట్‌బాల్ నేర్పాడు.

తొలి సీజన్ల పోటీ పద్ధతిలో లోపం లేకపోలేదు. ప్రాంతం నుంచి విజేతనే పిలిచే పద్ధతిలో బలమైన ప్రాంతంలోని రెండో జట్టు ఇంట్లో కూర్చోవలసి వస్తుంది. దేశంలో రెండో మేటి జట్టు తన లీగు ఫైనల్లోనే ఓడిపోయి ఉండవచ్చు. ఒక్క వారాంతంలో, ఒక్క ఓటమితో తేలిపోయే పోటీ నాలుగు నెలల శ్రమకు న్యాయం చేస్తుందా అన్న ప్రశ్న కూడా ఉంది. అయినా 1963 నిర్వాహకులను తప్పుపట్టలేం. దేశం నలుమూలల నుంచి జట్లను ఒక చోట చేర్చడమే అప్పటికి విజయం. తర్వాతి కాలంలో పోటీ ఎనిమిది జట్లకు విస్తరించింది. ప్రాంతీయ విజేతలు కాని జట్లకూ చోటు దొరికింది. మొదటి పద్ధతి ఉంది కనుకనే దాన్ని సవరించే అవకాశం వచ్చింది.

జాతీయ పోటీ వల్ల దొరికిన అసలు లాభం కొలబద్ద. అంతకు ముందు పశ్చిమ తీరపు కోచ్‌కు తన జట్టు అట్లాంటిక్ తీరపు జట్టుతో పోలిస్తే ఎక్కడ ఉందో తెలిసే మార్గం లేదు. 1963 తర్వాత ప్రతి మార్చిలో తెలిసేది. ఓడినవారు గెలిచినవారి పద్ధతులు చూసి వెళ్లారు. విక్టోరియా విశ్వవిద్యాలయం కోచ్ కెన్ షీల్డ్స్ నేతృత్వంలో 1980 నుంచి 1986 దాకా వరుసగా ఏడు కిరీటాలు గెలవడం, ఆ జట్టులోని ఎలై పాస్క్వాలే, జెరాల్డ్ కజనోవ్‌స్కీ 1983 ఎడ్మంటన్ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో కెనడాకు స్వర్ణం తెచ్చిన జట్టులో ఉండటం ఈ క్రమంలో వచ్చినవే. ఆ పోటీల సెమీఫైనల్లో కెనడా ఓడించిన అమెరికా జట్టులో, తర్వాత ఎన్‌బీఏలో పెద్ద పేరు తెచ్చుకున్న చార్లెస్ బార్క్‌లీ, కార్ల్ మలోన్ ఉన్నారు. 2003 నుంచి 2023 వరకు పదిహేడు కిరీటాలు గెలిచిన ఒట్టావాలోని కార్ల్‌టన్ ఆధిపత్యం ముందు విండ్సర్ ఐదు కప్పులు చిన్నవిగా కనిపించవచ్చు. కార్ల్‌టన్ నడిచింది మాత్రం అప్పటికే నలభై ఏళ్లుగా వేసి ఉన్న బాట మీద.

విండ్సర్ పురుషుల జట్టు 1969 తర్వాత మళ్లీ ఆ ట్రోఫీ గెలవలేదు. అక్కడి మహిళల జట్టు 2011 నుంచి 2015 దాకా వరుసగా ఐదేళ్లు జాతీయ విజేతగా నిలిచింది. పురుషుల రికార్డులో 1963 కిరీటాన్ని అసంప్షన్ పేరుతో చూపి, విండ్సర్ ఖాతాలోనే ఐదింట ఒకటిగా లెక్కించడం రివాజు. అది సరైన పద్ధతే. నిధుల కోసం, చట్టం కోసం సంస్థ మారింది. ఊరు మారలేదు, లాన్సర్స్ పేరు మారలేదు. విజేత పక్కన అసంప్షన్ పేరును తొలగించకుండా ఉంచడం కూడా అంతే అవసరం. ఆ జట్టును తయారుచేసింది బాసిలియన్ గురువుల కళాశాల. 1963 మార్చిలో గెలిచిన ఆటగాళ్ల చొక్కాల వెనుక ఉన్న సంస్థ అదే.